నూటికి నలభై ఒకటి

"కావాలనే తప్పులు పెట్టావు కదూ?"

డాక్టర్ ఉమామహేశ్వరి కంప్యూటర్ తెరను ధృవ్ వైపు తిప్పింది. నూటికి నలభై ఒకటి.

ధృవ్ ఆరడుగుల రెండంగుళాల మనిషి, తలుపుకు అడ్డంగా నిలబడితే వెలుతురు రాదు. అలాంటివాడు కుర్చీ అంచున ముడుచుకుని కూర్చున్నాడు. ఈ మే నెలలో కాలేజీల నుంచి ఒక అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఏరి తెచ్చుకున్న ఎనిమిదిమంది కొత్త ఆటగాళ్ళలో ఆఖరివాడు. పిస్కాటవే ఊళ్ళో ఉన్న టీమ్ ప్రాక్టీస్ సెంటర్‌లో మూడు రోజులుగా వాళ్ళను పరుగెత్తించారు, బరువులు ఎత్తించారు, నిన్న బుర్రలు కూడా తూచారు. ఆ తూచే పని ఉమామహేశ్వరిది. తెరమీద మాటలూ బొమ్మలూ చూపించి, కాసేపు ఆగి, ఏమేం చూశావో చెప్పమంటుంది.

"నోరు విప్పు ధృవ్. నాలుగింటికి కోచ్ టీమ్ లిస్టు ఫైనల్ చేస్తాడు. ఇప్పుడు మూడు."

"నిన్న టైర్డ్‌గా ఉన్నాను ఆంటీ."

"టైర్డా, నా మొహమా! ఫార్మింగ్టన్ హిల్స్‌లో పుట్టిన తెలుగు పిల్లాడివి. కాలేజీ ప్రవేశపరీక్ష ఎస్ఏటీలో రెండువేల నాలుగొందలకి రెండువేల రెండొందల ఏభై. స్పెల్లింగ్ పోటీల్లో స్టేట్ దాకా వెళ్ళానని మొదటిరోజు నువ్వేగా చెప్పావు? నీకు పన్నెండు మాటలు గుర్తుండవా? ఎవరి చెవిలో పువ్వు పెడతావు?"

ఆవిడకు ఈ ఆటగాళ్ళ వేషాలు కొత్త కాదు. సీజన్‌లో తలకు దెబ్బ తగిలితే ఇదే టెస్టు మళ్ళీ పెడతారు. దెబ్బకు జ్ఞాపకం తగ్గి మార్కులు పడిపోతే బయట కూర్చోబెడతారు. అందుకని కొందరు మొదటిసారే కావాలని తక్కువ తెచ్చుకుంటారు. రేపు తల అదిరినా మార్కులు అంతే ఉంటాయి, ఆట ఆగదు. ఇలాంటి దొంగ జవాబుల్ని మామూలుగా కంప్యూటరే పసిగట్టి ఎర్రగుర్తు పెడుతుంది. ధృవ్ పేరు పక్కన గుర్తేమీ లేదు. మెషీన్‌నే బోల్తా కొట్టించాడంటే ఎంత గడుసువాడో అని ఆవిడకు కోపంలోనూ ముచ్చటేసింది. మన పిల్లలు టెస్టులో తప్పడమేమిటి, విడ్డూరం కాకపోతే!

ఫోన్ మోగింది. కోచ్. ఉమామహేశ్వరి స్పీకర్ నొక్కింది.

"ఉమా, ఆ కుర్రాడి నంబర్ చూశాను. తలతో గుద్ది ఎంతటివాణ్నైనా పడగొడతాడు, కాలేజీలో నాలుగేళ్ళూ చూశాం. కానీ నా దగ్గర మూడొందల ఆట ఎత్తులున్నాయి. అవి గుర్తు పెట్టుకోలేనివాడు నాకెందుకు? పేరు కొట్టేస్తున్నా."

"కొట్టేయకండి. కావాలనే తక్కువ తెచ్చుకున్నాడు. ఇంకోసారి పెడతాను."

"అది నీ గ్యారంటీయేనా?"

"నాదే."

"నాలుగింటి వరకే."

ఫోన్ పెట్టేసి ధృవ్ వైపు తిరిగింది. "విన్నావుగా? పదకొండేళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్నా, ఇంతవరకూ ఎవరికోసమూ ఇలా మాటివ్వలేదు. సీనియర్లు నేర్పారా ఈ తెలివి?"

ధృవ్ అరచేతులు చూసుకున్నాడు.

"అవును అంటే... నేను టీమ్‌లో ఉంటాను?"

"ఉంటావు. కొత్తవాడు, ఏదో వెధవపని చేశాడని సర్దిచెప్తాను."

"అయితే అవును ఆంటీ. సీనియర్స్ చెప్పారు. నేను ఫేక్ చేశాను."

"హమ్మయ్య!" అంది ఆవిడ, గుండెల మీద చెయ్యి వేసుకుని. "ఆ ముక్క ముందే ఏడిస్తే నాకీ టెన్షన్ ఉండేది కాదుగా! లే, పక్కగదిలోకి పద."

ధృవ్ లేవలేదు. "సేమ్ వర్డ్స్ వస్తాయి, ఆంటీ?"

"కొత్తవి వస్తాయి. పాతవే పెడితే అది టెస్టెలా అవుతుంది?"

"నేను టుమారో రాస్తాను. ప్లీజ్."

"రేపటికి నీ పేరే ఉండదురా నాయనా! లే."

గది అద్దపు కిటికీలోంచి చూస్తూ నిలబడింది ఉమామహేశ్వరి. వాడు బల్ల అంచును రెండు చేతులా పట్టుకున్నాడు. పెదాలు కదుపుతున్నాడు, కళ్ళు మూసుకుంటున్నాడు, మళ్ళీ తెరిచి చూస్తున్నాడు. ఏసీ గదిలో మెడ మీంచి చెమట కారుతోంది. ఒక బొమ్మ దగ్గర వేలు ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తాడు. ఎంసెట్ హాలు బయట నిలబడ్డ తల్లిలా ఆవిడ కిటికీకి నుదురు ఆనించింది. ఇంత మనసుపెట్టి రాస్తే తొంభై ఎక్కడికి పోతుంది? ముచ్చటగా తొంభై వస్తే ఆ కోచ్ మొహం చూడాలి.

మూడూ నలభై ఎనిమిదికి ధృవ్ బయటికొచ్చి గోడకు ఆనుకున్నాడు. ఆవిడ గబగబా బటన్ నొక్కింది. తెరమీద చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది.

ముప్పై ఎనిమిది.

ఈసారి కూడా ఎర్రగుర్తు లేదు. ఉమామహేశ్వరికి ఒళ్ళు మండిపోయింది.

"మళ్ళీనా? ఇంత చెప్పినా మళ్ళీ అదే నాటకమా? నీ నోటి కూడు నువ్వే పారబోసుకుంటావా? నా మాట గంగలో కలిపావు కదరా! నిన్నంటే బుద్ధి గడ్డి తిని ఫేక్ చేశావు, ఇవాళేమొచ్చింది?"

ఫోన్ మళ్ళీ మోగుతోంది. ఆవిడ తియ్యలేదు.

ధృవ్ చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"నిన్న కూడా ఫేక్ చేయలేదు, ఆంటీ."