ఐదో నంబరు

“ఇది ఏ మైదానం?” అడిగింది డాక్టరు.

“మాదే,” అన్నాడు ఐదో నంబరు ఆటగాడు. డ్రెస్సింగ్ రూమ్ బల్ల మీద కూర్చున్నాడు. కనుబొమ్మ మీద నాలుగు కుట్లు పడ్డాయి.

“స్కోరెంత?”

“ఒకటి, ఒకటి.”

“పోయిన వారం ఎవరితో ఆడారు?”

అతను తల దించాడు, ఎత్తాడు. “మిల్లు జట్టుతో. రెండు గోల్స్ తేడాతో ఓడిపోయాం.”

డాక్టరు ఈ క్లబ్బుకి కొత్త. జవాబు సరైనదో కాదో తెలియక మేనేజర్ వైపు చూసింది. మేనేజర్ కోటు చేయి పైకి జరిపి మణికట్టు చూసుకున్నాడు.

“కరెక్టే. తొందరగా కానివ్వండి డాక్టరుగారూ.”

“ఇంకా తొమ్మిది నిమిషాలుంది బావా,” అన్నాడు అసిస్టెంటు. అతను మేనేజర్ భార్యకి తమ్ముడు. మేనేజర్ డిఫెండర్‌గా ఆడిన రోజుల్లో పదేళ్ళు అతని వెనక గోల్‌కీపర్‌గా నిలబడ్డవాడు.

అది సీజన్‌లో చివరి మ్యాచ్. డ్రా అయితే క్లబ్బు ఈ డివిజన్‌లో ఉంటుంది. ఓడితే కిందికి పోతుంది. హాఫ్‌టైమ్‌కి రెండు నిమిషాల ముందు ఒక కార్నర్ బంతి కోసం ఐదో నంబరు ఎగిరాడు. ఎదుటివాడి తల, ఇతని తల గుద్దుకున్నాయి. లేవడానికి నిమిషం పట్టింది. లేచి, వెళ్ళి అవతలి జట్టు గోల్ ముందు కాపలా నిలబడ్డాడు. తోటివాళ్ళు భుజం పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు.

మేనేజర్ కూడా ఇదే క్లబ్బుకి పదిహేడేళ్ళు డిఫెండర్. అతని చొక్కా మీదా ఐదే ఉండేది. వానకి తడిసి బరువెక్కిన బంతుల్ని రోజుకి వంద చొప్పున తలతో కొట్టేవాడు. మూడుసార్లు ముక్కు విరిగింది. దెబ్బ తగిలి బయటికొచ్చిన మ్యాచ్ ఒక్కటి లేదు. ఆ మాట క్లబ్బు గోడకి ఇత్తడి పలక మీద ఉంది. ఆట మానిన వారానికే క్లబ్బు అతన్ని మేనేజర్‌ని చేసింది. ఆటగాళ్ళని పేరు పెట్టి పిలవడు. నంబరుతోనే పిలుస్తాడు. ‘సార్‌కి మనం మనుషులం కాదురా, చొక్కాలం’ అని వాళ్ళు నవ్వుకుంటారు.

“అన్నీ సరిగ్గానే చెప్పాడు,” అంది డాక్టరు. “ఆడొచ్చు.”

“వాడి కుడిచేతి పట్టీ విప్పించండి,” అన్నాడు మేనేజర్.

ఐదో నంబరు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“ఎందుకు సార్? బెణికింది,” అన్నాడు ఐదో నంబరు.

“విప్పు.”

డాక్టరు గుడ్డపట్టీ విప్పింది. అరచేతి వైపు ఉండే చోట పెన్నుతో రాసి ఉంది. మైదానం. పోయిన వారం జట్టు. ఫలితం. చివర స్కోరు. దాని సిరా ఇంకా ఆరలేదు.

“మీకెలా తెలిసింది?” అడిగింది డాక్టరు.

“ఈ విద్య కనిపెట్టిందే మా బావ,” అన్నాడు అసిస్టెంటు. ఎవరూ నవ్వలేదు.

ఐదో నంబరు బల్ల దిగాడు. “మీరు పదిహేడేళ్ళు చేసి పలక వేయించుకున్నారు. నేను ఒక్కసారి చేస్తే తప్పయిందా? నా కాంట్రాక్టు ఇవాళ్టితో సరి. ముప్ఫై ఒకటి దాటాయి. ఇవాళ కూర్చుంటే రేపు నా మొహం చూసేదెవరు సార్?”

“నీకు పిల్లలెంతమంది?”

“పొద్దున్నేగా అడిగారు. ఒక్కతే, కూతురు.”

“మళ్ళీ అడుగుతున్నా. పేరేంటి?”

ఐదో నంబరు నోరు తెరిచాడు. పట్టీ కోసం చూశాడు. అది డాక్టరు చేతిలో ఉంది.

“పన్నెండో నంబరు దిగుతాడు,” అన్నాడు మేనేజర్.

రెండో సగానికి ఆటగాళ్ళు మైదానంలోకి నడిచారు. వాళ్ళ వెనకే మేనేజర్ కూడా నడిచాడు. అసిస్టెంటు కోటు పట్టుకుని ఆపాడు. “గీత దాటకు బావా, గీత.”

ఆ సగంలో రిఫరీ అతన్ని రెండుసార్లు హెచ్చరించాడు. బంతి గాల్లోకి లేచినప్పుడల్లా మేనేజర్ గీత పక్కనే ఎగిరాడు. “ముసలాయనకి కాళ్ళు ఊరుకోవట్లేదురోయ్!” అని గ్యాలరీలో ఎవరో అరిచారు. జనం నవ్వారు.

ఎనభై ఎనిమిదో నిమిషంలో కార్నర్ వచ్చింది. పన్నెండో నంబరు అర క్షణం ఆలస్యంగా ఎగిరాడు. బంతి అతని జుట్టు మీదుగా పోయింది. రెండు, ఒకటి. గ్యాలరీలో ఇంకెవరూ నవ్వలేదు.

మ్యాచ్ అయ్యాక విలేకరులు చుట్టుముట్టారు.

“ఐదో నంబరు ఉంటే ఆ బంతి ఆగేదా?”

“ఆగేది.”

“మరెందుకు తీశారు? క్లబ్బు కిందికి పోయింది.”

“తలకి దెబ్బ తగిలింది.”

“మీకూ తగిలేవిగా. మీరు ఆడలేదా?”

మేనేజర్ కోటు చేయి జరిపి చూసుకున్నాడు. 

“టైమైందండీ, ఇక చాలు,” అని అసిస్టెంటు అతన్ని లోపలికి తీసుకెళ్ళాడు.

డ్రెస్సింగ్ రూమ్ ఖాళీగా ఉంది. మేనేజర్ వెళ్ళి ఐదో నంబరు కొక్కెం కింద కూర్చున్నాడు. అసిస్టెంటు తలుపు గడియ పెట్టి, అతని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“చెయ్యి ఇటివ్వు బావా. తడిసిపోయింది. అక్క రేపటికి వేరేది రాస్తుందిలే.”

కోటు చేయి పైకి జరిపాడు. మణికట్టుకి గడియారం లేదు. గుడ్డపట్టీ ఉంది. దాని మీద అక్క దస్తూరీలో ఇవాళ్టి తేదీ, ఎదుటి జట్టు పేరు, పోయిన వారం ఫలితం ఉన్నాయి. వాటి కింద ఇంకో వాక్యం ఉంది.

మీరు ఆడటం మానేసి పదకొండేళ్ళయింది.