మస్కట్ నించి మూడు గంటలు

"అన్నయ్యా, మస్కట్‌లో విమానం ఎక్కుతన్నాను. బొంబాయికి మూడు గంటలు, అక్కణ్ణించి బిలాస్‌పూర్‌కి రైల్లో ఇంకో రోజు," అన్నాడు తమ్ముడు అప్పన్న, రాత్రి పదింటికి ఫోన్లో.

బిలాస్‌పూర్‌లో రైల్వే గార్డు పోలినాయుడు పక్క క్వార్టర్‌లో ఆ ఫోను పెట్టేసి వచ్చి, ఒక్కడే ఉండే తన ఇంట్లో ఆరేళ్ల తర్వాత రెండో కంచం కడిగి పెట్టాడు.

అరగంటకి ఎవరో తలుపు తట్టారు. స్టేషన్ మనిషి డ్యూటీకి పిలుపు పుస్తకం తెచ్చాడనుకున్నాడు. కాల్‌బుక్కులో సంతకం పెడితే ఇక బయల్దేరాల్సిందే. నిద్రమత్తులో కిటికీలోంచి చెయ్యి చాపి పుస్తకం అందుకుని, లైటు వేశాడు.

అది అప్పన్న పాస్‌పోర్టు. బొంబాయిలో దిగినట్టు వేసిన ముద్ర ఇంకా తడిగానే ఉంది. అందులో తేదీ రేపటిది.

"ఏట్రా, అప్పుడే ఎలాగొచ్చీసేవు?"

చీకట్లోంచి, పెన్ను పట్టుకున్న చెయ్యి లోపలికొచ్చింది.

"సంతకం పెట్టన్నయ్యా. ఒక్కణ్ణీ ఎల్లలేకపోతన్నాను."