ఖడ్గం తుడిచిన గుడ్డ

రాజఖడ్గానికి తుప్పు పడితే కంబోడియాలోని మా ఖ్మేర్ రాజ్యానికి కీడు. అందుకే దాన్ని కాచే బాకూ పురోహితులం మేం ప్రతి మంగళవారం, శనివారం గది తలుపులు మూసి, దాన్ని ఒరలోంచి తీసి తుడుస్తాం. ఎలా ఉందో బయట నిలబడ్డ కొలువు అధికారికి చెప్తాం.

మామయ్య సారున్‌కి చేతులు వణుకుతున్నాయని ఆ మంగళవారం తుడిచే పని మొదటిసారి నాకిచ్చాడు. కొవ్వొత్తి వెలిగించి, మొక్కి, బంగారు పిడి పట్టుకుని లాగాను.

పిడి ఒక్కటే చేతిలోకొచ్చింది. దానికి కత్తి లేదు.

నేను నోరు తెరిచేలోగా మామయ్య నా తొడ మీద గిల్లాడు.

"అరవకు. మా తాత నాటికే లేదు. ఎవడెత్తుకుపోయాడో ఏమో!"

"మరి ఇన్నేళ్లూ ఏం తుడిచావు?"

"నీ తలకాయ. ఉన్నట్టే తుడువు. సింహాసనానికి కావలసింది ఇనుము కాదురా, ఉందన్న భయం."

నాకు నవ్వొచ్చింది. అయినా నూనెగుడ్డ తీసుకుని, కత్తి ఉండాల్సిన చోట గాలిని పిడి నుంచి కొన దాకా నిమిరాను. కొన దగ్గర వేళ్లు చల్లబడ్డాయి.

గుడ్డ విప్పి చూశాను. ఎర్రగా, గరుకుగా తుప్పు అంటుకుని ఉంది.

మామయ్య దాన్ని వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు. ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఏం సారున్ గారూ, ఖడ్గం ఎలా ఉంది?" బయటి నుంచి అధికారి కేకేశాడు.

"అద్దంలా మెరుస్తోంది బాబూ!" అని గట్టిగా బదులిచ్చి, మామయ్య నా చెవి దగ్గరికి వంగాడు.

"నీ పిల్లల్ని తీసుకుని ఈ పూటే మెకాంగ్ నది దాటిపో."