పన్నెండో గ్లాసు

"ఆగండి పెద్దాయనా! అది నాది!"

పాతసామాన్ల సంతలో అతను పరుగున వచ్చి, ముసలాయన చేతికిందనుంచి గ్లాసు లాగేసుకున్నాడు.

కొట్టు అక్క నవ్వింది. "కొనకముందే నీదెలా అయింది తమ్ముడూ?"

"పన్నెండు వారాలుగా వారానికొకటి దొరుకుతోందక్కా! ఇదొక్కటీ అయితే సెట్టు పూర్తి!"

గాజులో చిటికెడు యురేనియం కలిపే రోజులనాటి గ్లాసులవి. పగటి వెలుగులో లేతపసుపు, అంతే. అతినీలలోహిత టార్చి కాంతి పడితేనే వాటి అసలు రంగు.

నల్లగుడ్డ నెత్తిమీదుగా కప్పుకున్నాడు. టార్చి నొక్కాడు.

గ్లాసు లోపలినుంచి పచ్చగా భగ్గుమంది!

"వెలిగిందా బాబూ?" గుడ్డ బయటినుంచి ముసలాయన గొంతు.

ప్రతి ఆదివారం అదే ప్రశ్న. ప్రతి ఆదివారం తనకన్నా ముందే వచ్చి, సరిగ్గా అదే గ్లాసు మీద చెయ్యి!

"వెలిగింది. కళ్ళు కుడుతున్నాయా?"

"చిగురాకు రంగేనా?"

"అవును!" అన్నాడే కానీ, ఈయనకెలా తెలుసని ఆలోచించే తీరిక అతనికి లేదు.

కావలసినదాని వెంట పరుగెత్తేవాడికి పక్కన నిలబడ్డ మనిషి అడ్డుగానే కనిపిస్తాడు.

ముసలాయన గొడుగుతో నేల తడుముకుంటూ వెళ్ళిపోయాడు. కళ్ళద్దాల దుకాణంలో రోజంతా పదిమంది చూపు పరీక్షించే అతను ఆ నడక గమనించలేదు.

మరో రెండు ఆదివారాలు గడిచాయి.

"ఏమక్కా, నా పోటీదారు జాడ లేదు? ఓటమి ఒప్పేసుకున్నాడా?"

అక్క ఈసారి నవ్వలేదు.

"మంగళవారం పోయారు తమ్ముడూ. వాళ్ళమ్మాయి వచ్చి ఇది టార్చి అబ్బాయికిమ్మంది."

పాత చెక్కపెట్టె. లోపల వెలిసిన ముఖమల్, పన్నెండు గుంటలు.

"ఇందులో పెట్టడానికి ఆయన దగ్గర ఏముందని? ఒక్కటైనా దక్కనిచ్చానా?"

"ఇంటికెళ్ళి చూసుకో" అంది అక్క. "చూపు పోయి మూడేళ్ళయింది ఆయనకి. నీతో చెప్పనని మాటిచ్చాను."

ఇంట్లో ఒక్కొక్క గ్లాసే పెట్టెలో అమర్చాడు. అన్నీ చక్కగా ఒదిగిపోయాయి. అడుగు వంకరపోయిన ఏడో గ్లాసు మాత్రం ఒక్క గుంటలోనే కూర్చుంది. ఆ గుంటా అంతే వంకర.

పన్నెండు ఆదివారాలు అతను గ్లాసు లాక్కున్నది, దాన్ని తీసుకోబోతున్న చేతికిందనుంచి కాదు. అప్పుడే అక్కడ పెట్టిన చేతికిందనుంచి.