ఒక్క పంక్తితో మూడు వేల ఫొటోలు

ఆ శనివారం ఉదయం పదకొండు గంటలకు, హిందీ మాట్లాడే ఊళ్లో, మోవా పేటలోని చెన్నకేశవులు ఫొటో స్టూడియోలో మహాసంగ్రామం ఆరంభమైంది. ఆయుధాలు రెండు: ధనుంజయ్ చేతిలో మౌస్, యుగంధర్ చేతుల కింద కీబోర్డు. గెలవవలసిన రాజ్యం మాత్రం ఒక్కటే. కంప్యూటర్ గుమస్తా ఉద్యోగం.

భన్‌పురి ఇనుప వ్యాపారి ఇంట పెళ్లి ఫొటోలు ఆరు వేల పైచిలుకు ఉన్నాయి. సాయంత్రం నాలుగింటిలోగా అవన్నీ ఆన్‌లైన్ ఆల్బమ్‌లోకి చేరాలి. రిసెప్షన్‌లో పెద్ద తెర మీద వేసుకుంటారట. యజమాని చెన్నకేశవులు వాటిని చెరి సగం పంచాడు. హల్దీ, సంగీత్ ధనుంజయ్‌కి. పెళ్లి, బరాత్ యుగంధర్‌కి. లోపం లేకుండా పంపినవాడికి ఉద్యోగం, రెండోవాడికి టీ.

ధనుంజయ్ యజమానికి స్వయానా బావమరిది. అంతకు మించిన విద్యార్హత అతనికి ఉన్నట్టు దాఖలా లేదు.

యుగంధర్‌కు ఇది పన్నెండో ప్రయత్నం. పదకొండు చోట్ల పరీక్షయినా పెట్టకుండా, గుమ్మంలోంచే “కబురు చేస్తాం” అని సాగనంపారు. మనుషుల తెలివి గురించి అతనికున్న అభిప్రాయానికి ఆ పదకొండూ తిరుగులేని సాక్ష్యాలు.

అతని లెక్కలో మానవజాతి రెండు తెగలు. అక్షరాలతో యంత్రానికి ఆజ్ఞ ఇచ్చేవారు ఒక తెగ. ఎలుకను పట్టుకుని ఊరేగేవారు రెండో తెగ. మౌస్ అనే గౌరవనామంతో దాన్ని అతడు ఏనాడూ పిలవలేదు. బొమ్మ కనబడితే తప్ప కదలనివారూ, బొత్తాం మెరిస్తే తప్ప నొక్కనివారూ ఇంకా ఒకటో తరగతి దాటలేదని అతని తీర్పు. ఆ తీర్పుకు అప్పీలు లేదు.

ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకున్నాడు. కీబోర్డు వైపు కన్నెత్తి చూడలేదు. చక్రవర్తి శాసనం చెప్పి రాయించినంత ఠీవిగా ఒక్క పంక్తి టైపు చేశాడు. ఈ ఫోల్డరులోని ఫొటోలన్నీ, ‘రద్దు’ ఫోల్డరు మినహాయించి, వందేసి చొప్పున, ఫలానా ఆల్బమ్‌కు తరలవలెను. ఎంటర్ నొక్కి, కుర్చీలో వెనక్కి వాలాడు.

రద్దు అంటే, పనికిరాని ఫొటోలను, ముఖ్యంగా కళ్లు మూతపడినవాటిని, ఫొటోగ్రాఫర్ అమ్మిరాజు ప్రతి ఫోల్డరు లోపలే విడిగా పడేసే చోటు. ఆ సంగతి అతడు పొద్దున్నే ఇద్దరికీ చెప్పాడు. యుగంధర్ విన్నాడు. ఆ సమయంలో ధనుంజయ్ పెళ్లికూతురి పినతల్లి కూతుళ్ల ఫొటోలను పైకే మెచ్చుకుంటూ పరిశీలిస్తున్నాడు.

“ఒక్క ఫొటో అయినా తెరిచారా భాయ్?” పక్క బల్ల నుంచి ధనుంజయ్ నవ్వాడు. “పెళ్లికూతురు ఎలాగుందో కూడా మీకు తెలీదు కదా!”

“తపాలా బంట్రోతు ఉత్తరాలు విప్పి చదువుతాడా అండీ?”

“ఇవి ఉత్తరాలు కావు భాయ్, ఫొటోలు. చూసుకోడానికే తీస్తారు.”

“మీరు పొద్దుటి నుంచి చూస్తున్న చూపులకు ఆ పిల్లలకు దిష్టి తగలకపోతే అదే పదివేలు.”

రెండు గంటలకు నెట్ పోయింది. పది నిమిషాలకు తిరిగొచ్చింది.

“అరే యార్! ఎన్ని ఎల్లాయో, ఎన్ని ఎల్లలేదో!” ధనుంజయ్ జుట్టు పీక్కున్నాడు. అతని అప్‌లోడ్ పేజీ పూర్వజన్మ స్మృతి లేకుండా మళ్లీ తెల్లగా తెరుచుకుంది. లెక్క తేల్చే ఓపిక లేక, ఫోల్డరుకు ఫోల్డరే పట్టి లాగి అందులో పడేశాడు.

యుగంధర్ పై బాణం మీట ఒకసారి, ఎంటర్ ఒకసారి నొక్కాడు. పాత ఆజ్ఞే మళ్లీ బయలుదేరింది. చేరిన పద్దెనిమిది వందలను వదిలేసి, పందొమ్మిదో వంద నుంచి అందుకుంది. అతనికి ఆశ్చర్యం కలగలేదు. యంత్రాలు మనుషులకన్నా మర్యాదస్తులని అతడు ఏనాడో కనిపెట్టాడు.

మూడున్నరకు లెక్క తేలింది. మూడు వేల నూట ఇరవైకి మూడు వేల నూట ఇరవై. ఆగినవి సున్న.

నాలుగవుతుండగా చెప్పులు ఈడ్చుకుంటూ ఎవరో లోపలికి వచ్చారు. ఆ ఈడ్పును బట్టే యజమాని అని తెలిసినా యుగంధర్ లేవలేదు. చెన్నకేశవులు కూర్చున్నాడో లేదో, ఫోన్ మోగింది. స్పీకర్ నొక్కాడు.

“కేశవులు జీ, యే క్యా భేజా హై? సంగీత్ మే హమారా పూరా ఖాన్‌దాన్ సో రహా హై!”

ఇనుప వ్యాపారి వంశం వంశమంతా సంగీత్‌లో నిద్రపోతోందట. తాతగారైతే వరుసగా నలభై ఫొటోల్లో కళ్లు తెరవలేదట. పెళ్లి, బరాత్ మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయట.

చెన్నకేశవులు నోట పలాస యాస పొంగుకొచ్చింది. “ఏట్రా ఇది? రద్దువి కూడా పంపీసినావా? నీ కళ్లు ఏటయిపోనాయి?”

“చూసే పంపాను బావా! ఒక్కొక్కటీ చూసే...”

“మీ అక్కతో నేను మాట్లాడతాను. నువ్వు టీ తాగు.” చెన్నకేశవులు యుగంధర్ వైపు తిరిగాడు. “సోమవారం నుంచి వచ్చీండి బాబూ. ఈ కుర్చీ మీదే.”

యుగంధర్ థ్యాంక్స్ చెప్పలేదు. తనకు రావలసినది వచ్చినందుకు ఎవరికీ రుణపడడం అతనికి నచ్చదు.

పొద్దుటి నుంచి కంప్యూటర్‌లోని ప్రతి అక్షరాన్నీ చదివి వినిపించిన ఇయర్‌ఫోన్‌ను చెవిలోంచి తీసి జేబులో వేసుకుని, దారికి అడ్డంగా వేలాడుతున్న ఎలుక తోకను తన తెల్ల కర్రతో పక్కకు నెట్టి, గడప ఎక్కడుందో తడిమి తెలుసుకుని, బయటికి నడిచాడు.