మూడుసార్లు వెనక్కి

“ఇది మీ అక్క కుట్టే,” అన్నాడు బావ, ఫ్రాకును తిరగేసి మిషను బల్ల మీద పరుస్తూ.

పెడల్ మీద నుంచి చిన్ని కాలు జారి, నడుస్తున్న సూది గుడ్డ మధ్యలో ఆగిపోయింది. అక్క పోయి ఐదేళ్లు. ఈ ఐదేళ్లలో బావ ఈ కుట్టు దుకాణం గుమ్మం తొక్కింది రెండేసార్లు. అక్క మిషను కళ్లెదుట ఉండకూడదని తెచ్చి ఇక్కడ దింపినప్పుడు ఒకసారి, మళ్లీ ఇవాళ.

బావది పాతబట్టల వ్యాపారం. ఎక్కడెక్కడి నుంచో మూటలు దిగుతాయి. పనికొచ్చేవి ఏరి అమ్ముతాడు, మిగిలినవి తుడుపుగుడ్డలవుతాయి. నాలుగేళ్ల పిల్లకు పట్టే ఈ పసుపు చుక్కల ఫ్రాకు నిన్నటి మూటలో దొరికిందట.

“ఎప్పటిదో అయ్యుంటుంది బావా. అక్క పిల్లల బట్టలు ఎన్ని కుట్టలేదు?”

“ఈ గుడ్డ బజారులోకొచ్చిందే నిరుడు. గుడ్డల సంగతి నాకు చెప్పకు.”

చిన్ని ఫ్రాకు లోపలి కుట్టును చివరిదాకా వేలితో తడిమింది. ఊడిపోకుండా ఎవరైనా కుట్టు చివర ఒకసారి వెనక్కి కొట్టి దారం తెంపుతారు. అక్క మూడుసార్లు కొట్టేది. పెళ్లయిన రెండో ఏడు మెట్ల మీద పడ్డానని చెప్పి మణికట్టు విరిగి వచ్చింది. అతికింది గానీ వంకరగా అతికింది. ఆ చేత్తో గుడ్డ నిలవక, ఎక్కడ వదులు పడిందోనన్న బెంగతో మూడుసార్లు వెనక్కి వెళ్లేది. మూడోది కాస్త ఎడమకు ఒరిగేది. ఈ ఫ్రాకులోనూ ఒరిగింది.

బావ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు. మధ్యాహ్నం నడుం వాలిస్తే చాలు, పక్క గదిలో మిషను తిరుగుతుందట. లేచి వెళ్తే ఖాళీ గది, గోడ మీద మిషను ఆనిన మరక. చెబుతున్నంతసేపూ అతని కళ్లు గుమ్మం వైపే ఉన్నాయి. జాలి పడాల్సిన చోట చిన్నికి భయమే వేసింది.

“శవాన్ని చూసింది నువ్వే కదా?” అన్నాడు ఉన్నట్టుండి.

ఆ రోజు ఉదయం పడవెక్కుతానని అక్క ఇంట్లోంచి బయల్దేరింది. పడవ మునిగింది. మూడోనాడు ఆసుపత్రి వరండాలో ఎవరివాళ్లను వాళ్లు తీసుకుపోగా ఒక్క శవం మిగిలింది. ముఖం ఆనవాలు పట్టేలా లేదు. ఎవరికీ జంకనని చెప్పుకునే బావ ముక్కుకు గుడ్డ కట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. చిన్నే లోపలికి వెళ్లి, జాకెట్టు అంచు తిరగేసి, కుట్టు చూసి, అక్కే అంది. ఆ ఒక్క మాట మీదే మిగతావన్నీ జరిగిపోయాయి.

“నేనే చూశాను బావా. ఈ చేత్తోనే తిరగేసి చూశాను.”

“మరి పోయిన మనిషి కుడుతుందా? ఈ మూట ఏ ఊరిదో రేపు కనుక్కుంటాను. ఈ కుట్టు వేసిన చేతుల్ని కళ్లారా చూస్తే గానీ నాకు నిద్ర లేదు.”

ఏం చేసైనా ఈ ప్రయాణం మానిపించాలనుకుంది చిన్ని. పోయిన మనిషిని పోనివ్వాలి, వెంటపడకూడదు.

“తాడును చూసి పామనుకుంటున్నారు,” అంటూ బుట్టలోంచి గుడ్డముక్కలు తీసింది. బడిపిల్లాడికి చెప్పినట్టు ఒక్కొక్కటే కుట్టి చూపించింది. రెండు ముక్కలు కలపడానికి తిన్నని కుట్టు. కోసిన అంచు పీచులు లేవకుండా, సాగే గుడ్డ సాగినా తెగకుండా జిగ్‌జాగ్. ఒంటికి సరిపోయిందో లేదో చూసుకుని లాగేయడానికి పొడుగు కుట్టు. ఏ కుట్టు వేయాలో పనే చెబుతుందనీ, కుట్టేవాళ్ల ఇష్టం కాదనీ అంది.

“మరి ఈ మూడుసార్లు?”

“పిల్లలు లాగి పీకే బట్టలు బావా. చంక దగ్గర, జేబు మూల ఎవరైనా మూడుసార్లు కొడతారు. ఇదిగో.”

మీట నొక్కి వెనక్కి కుట్టింది. మూడోసారి మోచేత్తో గుడ్డను కాస్త జరిపింది. బావ ఫ్రాకునూ ముక్కనూ వెలుతురులో పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

“ఇదీ ఒరిగింది.”

“సూది కింద గుడ్డను లాగే పళ్లు అరిగితే ఏ మిషనైనా ఒరుగుతుంది.”

అతని భుజాలు కిందికి జారాయి. “వంకర కనబడితే ఒప్పుకునేవాణ్ణి కాదు. ఎన్నిసార్లు విప్పించానో,” అన్నాడు ముక్క మీద వేలు రాస్తూ. “అయితే అది కాదంటావు.”

“అక్క ఇక రాదు బావా.”

అతను లేచాడు. ఊరు కనుక్కునే మాట మళ్లీ ఎత్తలేదు. ఫ్రాకును తుడుపుగుడ్డ చేసుకోమని బల్ల మీదే వదిలి, చెప్పులు ఈడ్చుకుంటూ సందు చివరిదాకా వెళ్లాడు. అక్కడ ఆగి ఒకసారి వెనక్కి చూశాడు. చిన్ని గుమ్మంలోనే నిలబడి ఉంది, అతను మలుపు తిరిగేదాకా కదల్లేదు.

తర్వాత తలుపు గడియ వేసింది. ఫ్రాకు కుట్లన్నీ ఒక్కటీ మిగలకుండా విప్పేసింది. దారాలు ఉండచుట్టి పొయ్యిలో వేసి, ఏ పేరుతోనూ దాచుకోని ఒక నంబరును ఫోనులో గుర్తు మీద నొక్కింది. చాలాసేపు మోగింది. ఎవరో ఎత్తారు.

“అక్కా, ఇకమీద ఒక్కసారే వెనక్కి కొట్టు.”