ఇంకా గంట ఉంది

అర్ధరాత్రి ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లో స్టెఫీ తెరమీది ఎయిర్‌హోస్టెస్‌కి గొంతిస్తోంది. ఆరేళ్లు గుంపు సీన్లకి కేకలు వేశాక దొరికిన మొదటి పాత్ర.

"బెంగళూరుకి ఐదు వందల కిలోమీటర్లు, గంట ప్రయాణం."

"ఇంకోసారి మేడం," అన్నాడు అద్దం అవతలి నుంచి ఇంజనీర్ శ్రీకాంత్.

సీను మళ్లీ పడింది. ఇందాక విమానం చివరి సీట్లో కనిపించిన ముసలాయన ఈసారి లేడు.

"ఆ పెద్దాయన ఏరండీ?"

"ఏ పెద్దాయన? గా సీటు మొదటి సంది ఖాళీనే."

ఆమె వెనక చీకట్లో చెప్పులు ఈడ్చుకుంటూ ఎవరో దగ్గరికొచ్చారు.

"ఇక దిగవచ్చా, తల్లీ?" అని అడిగింది ఓ ముసలి గొంతు.

పారిపోతే ఈ పాత్ర ఇంకొకరికి పోతుంది. స్టెఫీ వెనక్కి తిరగకుండా మైకులోనే గట్టిగా చెప్పింది.

"ఇంకా గంట ఉంది. వెళ్లి మీ సీట్లో కూర్చోండి."

చెప్పులు వెనక్కి మళ్లాయి. టక్కుమని చప్పుడైంది.

"డైలాగు మార్చిన్రు గని, బెల్టు సౌండు మస్తు కుదిరింది మేడం."

"మిగతా సీన్లు వెయ్యండి," అంది స్టెఫీ. "గంటలో అయిపోవాలి."